ఎనిమిది కిలోమీటర్ల గీత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎనిమిది కిలోమీటర్ల గీత గారి సముఖానికి,

కాకినాడ తీరవాసి ఒకడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం తెలుసుకుందామనే ఈ లేఖ. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1994లో వచ్చిందని, దాని పుణ్యాన తమరు అవతరించారని, ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉన్న నీటిని తెప్పలకూ నావలకూ చిన్న పడవలకూ వదిలిపెట్టి మర బోట్లను తమరి అవతలే నిలబెడతారని కాగితాల్లో చదువుకున్నామే తప్ప, నీటి మీద తమరిని కళ్ళారా చూసినవారు మా పేటల్లో ఎవరూ లేరు.

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే రోజుల్లో తమరి ఇవతలి నీటికి ఎంత గిరాకీయో వేరే చెప్పనక్కరలేదు. దక్షిణపు గాలి తీరం వెంబడి పట్టిందంటే పైనీటిని ఒడ్డుకు దూరంగా నెట్టుకుపోతుంది. ఆ చోటులోకి అడుగునున్న చల్లని నీరు తన సారమంతా మోసుకుని పైకి లేస్తుంది. విశాఖ తీరంలో జరిగే ఈ తతంగాన్ని 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడి పరిశోధకులతో కలిసి కొలిచి, రాసి పెట్టారు. మా కాకినాడ వైపు దానికి తోడు గోదావరి తెచ్చిపోసే ఒండ్రు ఉంది, కోరంగి మడ అడవుల వేళ్ళ మధ్య పెరిగే రొయ్య పిల్లలు ఉన్నాయి, ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్ చాటున గోరువెచ్చగా నిలిచే లోతులేని నీరు ఉంది. కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిన్న చేపలు గుంపులు కట్టి ఒడ్డుకు వస్తే వాటి వెనకాలే పారలూ వంజరాలూ లాంటి పెద్ద చేపలు వస్తాయి, వాటి వెనకాల చిన్న పడవలు వస్తాయి, ఆ వెనకాల, తమరు క్షమించాలి, మర బోట్లు వస్తాయి.

తమరిని లక్ష్మణరేఖతో పోల్చేవారున్నారు. ఆ పోలిక తమరికి గౌరవమే కాని, కథ ఇక్కడ కొంచెం తిరగబడింది. సీత బుద్ధిగా గీతకు లోపలే కూర్చుని ఉండగా రావణుడే రోజూ లోపలికి వచ్చి భోంచేసి పోతున్నాడు. ఆయన వెళ్ళాక పర్ణశాల ఎలా ఉంటుందో ఒక్కసారి వినండి. రాత్రి వేసిన వలను తెల్లవారుజామున లాగుతుంటే తాడు మరీ తేలిగ్గా వచ్చిందనుకోండి, చేప పడలేదని కాదు, వలే లేదని అర్థం. వలను తేల్చే బెండ్లు వరసగా రావలసింది, నాలుగో అయిదో వచ్చి ఆగిపోతాయి. తాడు కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉండదు. పురి విడిపోయి, పీచులు పీచులుగా విచ్చుకుని ఉంటుంది. మర బోటు అడుగున ఈడ్చుకుపోయే సంచీలాంటి ట్రాల్ వలను తెరిచి ఉంచే బరువైన పలకలు అడుగుమట్టిని గీరుకుంటూ దారికడ్డం వచ్చినదాన్నల్లా లాక్కుపోయిన గుర్తు అది. పడవలో ఎవరూ ఏమీ మాట్లాడరు. ఆ వల మీద ఇంకా తీర్చవలసిన అప్పు ఎంతో అందరికీ తెలుసు. ఫిర్యాదు చెయ్యబోతే అడిగే మొదటి ప్రశ్న, ఆ బోటు గీతకు ఇవతల ఉందనడానికి సాక్ష్యమేమిటని. సాక్ష్యం చెప్పవలసినవారు తమరే, తమరు కనబడరు.

మర బోటు వారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. డీజిలు పోసుకుని, ఐసు నింపుకుని, కూలీలకు బత్తా ఇచ్చి రోజుల తరబడి దూరం పోయేవాడికి, ఒడ్డుకు దగ్గరలో రొయ్య ఉందని తెలిశాక కాళ్ళు ఇటే లాగుతాయి. ఆకలి వారిదీ ఆకలే. కాని ఆ లాగుడును ఆపడానికి కదా తమరిని నియమించింది!

ఇంకొక సందేహం. తమరిని ఎక్కడి నుంచి కొలవాలి? కాకినాడ ఒడ్డు నుంచి కొలిస్తే ఒక లెక్క, హోప్ ఐలాండ్ అవతలి అంచు నుంచి కొలిస్తే ఇంకొక లెక్క. పైగా ఆ ఇసుక దిబ్బ గోదావరి మేటతో పెరిగినదే, ఒకచోట స్థిరంగా కూర్చునే రకం కాదు. ఉప్పాడలో వ్యవహారం పూర్తిగా వేరు. అక్కడ సముద్రం ఇళ్ళనూ రోడ్డునూ కోసుకుంటూ ఊళ్ళోకి వస్తోంది. ఒడ్డు వెనక్కి జరిగినప్పుడల్లా తమరూ దానితోపాటు వెనక్కి జరగాలి కాబట్టి, నిన్న తమరికి ఇవతల వల వేసినవాడు రేపు కూర్చున్నచోటనే తమరికి అవతలివాడైపోతాడు. ఇల్లు పోయినవాడికి ఈ బదిలీ సంగతి ఎవరు చెబుతారో తెలియదు.

తమరి అలసత్వం తాబేళ్ళకు కూడా తెలిసింది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి తమరి ఇవతలికే వస్తాయి. ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోయి ఇసుక మీదికి కొట్టుకువస్తాయి. వాటిని బయటికి వదిలే పరికరం వలలకు బిగించడం లేదన్న కారణంతో అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. మన గీతను మనం పట్టించుకోకపోయినా, అంత దూరాన ఉన్న కొనుగోలుదారు తాబేలును పట్టించుకున్నాడు.

తమరికి నిజమైన మర్యాద దక్కేది ఏడాదిలో 61 రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా వేట నిషేధిస్తారు. అప్పుడు మర బోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి గనక తమరిని దాటేవారే ఉండరు. అయితే చిన్న ఇంజను బిగించుకున్న ఫైబర్ బోట్లను కూడా అదే తాడుతో కట్టేస్తారు. తెడ్డు వేసుకునే తెప్పకు మాత్రమే మినహాయింపు. ఎవరి కోసం తమరిని గీశారో వారు సైతం, మంచి చేప దగ్గరికి వచ్చే వేళకే ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచిన భృతి ఖాతాలో పడిందో లేదో అని ఫోను చూసుకుంటూ ఉంటారు. నిషేధం వద్దని నేననను. ఆ రెండు నెలలు గుడ్లను కాపాడి, మిగిలిన పది నెలలు పిల్లలను ట్రాల్ వల అడుగు సంచీకి అప్పగించడం ఏ రకం పొదుపో మాత్రం అర్థం కాదు.

బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు, అంటే బోటు ఎక్కడుందో తెలిపే పరికరాలు, బిగిస్తామని 2024 ఆగస్టులో ప్రధానమంత్రి పాల్ఘర్‌లో ప్రారంభించిన పథకం గురించి తమరు విని ఉంటారు. దేశం మొత్తం మీద లక్ష బోట్లు. తుపాను కబురు అందించడానికీ, సరిహద్దు దాటకుండా హెచ్చరించడానికీ అవి పనికొస్తాయట. దేశం సరిహద్దు దాటితే మోగే పరికరానికి తమరి పేరు కూడా చెప్పి ఉంచడం పెద్ద పనేమీ కాదనుకుంటాను. ఏ బోటు ఏ రాత్రి ఎక్కడ తిరిగిందో అప్పుడు తెర మీద కనబడుతుంది, తెగిన తాడు కొసను పట్టుకుని కార్యాలయం మెట్లెక్కే అవసరం మావాళ్ళకు ఉండదు. తెర ముందు మనిషి కూర్చుని ఉంటాడా లేదా అన్నది వేరే విన్నపంలో రాసుకుంటాను.

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగుస్తుంది. ఐసు నింపుకుని సిద్ధంగా ఉన్న బోట్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఆ రాత్రి తమరు ఎక్కడ దొరుకుతారో, ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద కొలువుంటారో ముందుగా కబురు చేస్తే, మా వలలు ఆ దరిదాపుల్లో లేకుండా జాగ్రత్తపడతాం.

ఇట్లు,
తమరికి ఎప్పుడూ ఇవతలే ఉండే విధేయుడు