వరి పరిశోధన కేంద్రాలు మనకెందుకండీ?

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925 నుంచీ ఒక వరి పరిశోధన కేంద్రం ఉంది. వందేళ్లు నిండాయి కాబట్టి శాలువా కప్పి, గౌరవంగా మూసేద్దామని నా ప్రతిపాదన. పనిలో పనిగా బాపట్లది కూడా. నాకెవరి మీదా కోపం లేదు, వాళ్ల నిదానమే నచ్చలేదు.

కొత్త వరి రకం పుట్టించాలని, పువ్వు విచ్చకముందే ఓ పెద్ద చదువుల మనిషి చిన్న కత్తెర పట్టుకుని వరి కంకి ముందు కూర్చుంటాడు. ఒక్కో పువ్వు కొస కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ ఏరేసి, కంకికి కాగితం తొడుగు వేస్తాడు. తర్వాత ఇంకో రకం పుప్పొడి తెచ్చి దులుపుతాడు. ఇంతా చేస్తే పువ్వుకి ఒక్క గింజ! అదీ కడితేనే. దాన్ని నాటి, దాని పిల్లల్ని నాటి, మనవల్ని నాటి, తరాల తరబడి ఏరి ఏరి, చివరికి చిరుసంచుల్లో రైతులకిచ్చి "ఎలా ఉందండీ?" అని అడుగుతాడు. ఈలోగా రెండు ప్రభుత్వాలు మారిపోతాయి.

అదే మా ఊరి పురుగుమందుల కొట్టు చూడండి. మొన్న ఒక కుర్రాడు ఎండిన దుబ్బు పీక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

"మావయ్యా, ఇది దోమపోటంటావా, ఎండాకు తెగులంటావా?"

కొట్టాయన ఫోన్లోంచి తలెత్తలేదు. "ఏదైతే ఏంట్రా, రెండిటికీ కలిపి కొట్టెయ్."

అర నిమిషంలో నాలుగు డబ్బాలు. పైన బలానికని ఇంకో సీసా. అన్నీ అప్పే. దీన్ని సైన్సు అనక ఏమంటాం?

పేర్లు పెట్టడమైనా వచ్చా వీళ్లకి? 1982లో మార్టేరు వాళ్లు తమ వరి రకానికి స్వర్ణ అని ముచ్చటైన పేరు పెట్టి, పక్కనే ఎంటీయూ (అంటే మార్టేరే) 7029 అని బండి నంబరు తగిలించారు. ఆ బండి ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది, పాస్‌పోర్టు లేకుండా. అది చాలదని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు దానికి ముంపును తట్టుకునే జన్యువు కలిపారు. 2009లో మన దేశంలో విడుదలైన ఆ స్వర్ణ సబ్-1 రెండు వారాలు నీళ్లలో మునిగినా మళ్లీ చిగురిస్తుంది. మరి పంట నష్టం రాసుకునే ఆఫీసుల గతేం కావాలి?

బాపట్ల వాళ్లు 1986లో ఇచ్చిన సాంబ మసూరిదీ ఇదే కథ, బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల అని చెబితే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు నమ్మలేదు. ఏదో బెంగళూరు కంపెనీ అనుకుంటున్నారట ఇన్నాళ్లూ.

మూసేశాక ఆ మడుల్ని ఏం చేయాలన్న టెన్షన్ అక్కర్లేదు. రోడ్డు పక్కనే, నీటి వసతి ఉంది. ప్లాట్లు వేస్తే సెంటు ఎంత పలుకుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇంకా రాద్దును గానీ, భోజనానికి పిలుస్తున్నారు. వంటింట్లో కొత్త బియ్యం బస్తా విప్పారు. దాని మీద పెద్ద ఏనుగు బొమ్మ ఉంది. ఈ వంగడం కనిపెట్టింది ఆ ఏనుగేనని నా గట్టి నమ్మకం.