సవరణ: బెడార్డ్ లెక్క, రెజైనా కప్పు
వెస్టర్న్ హాకీ లీగ్ (కెనడా, అమెరికా జట్లు ఆడే జూనియర్ ఐస్ హాకీ లీగ్) 2022–23 సీజన్ మీద పెట్టిన పోస్టులో, కానర్ బెడార్డ్ 68 మ్యాచ్‌ల్లో 143 పాయింట్లు చేసి తన జట్టు రెజైనా ప్యాట్స్‌కి కప్పు తెచ్చాడని ఉంది. 143 సరైనదే: 71 గోల్స్, 72 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), ఒక్కోదానికి ఒక పాయింటు. ఆడింది మాత్రం 57 మ్యాచ్‌లే. 68 అనేది లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌ల సంఖ్య. మధ్యలో ప్రపంచ జూనియర్స్‌లో (20 ఏళ్లలోపు వాళ్ల ప్రపంచ పోటీ) కెనడా తరఫున ఆడటానికి వెళ్లాడు. అక్కడ 7 మ్యాచ్‌ల్లో చేసిన 23 పాయింట్లు ఈ లెక్కలోకి రావు.

ఇక కప్పు సంగతి. రెజైనా మొదటి రౌండే దాటలేదు. సాస్కటూన్ బ్లేడ్స్‌తో సిరీస్‌ని (ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే) ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చి ఓడిపోయింది. ఆ ఏడింటిలో బెడార్డ్ 20 పాయింట్లు చేశాడు, పాపం. ఒక్కడే ఎంతని లాగుతాడు? టైటిల్ సియాటిల్ థండర్‌బర్డ్స్‌ది. ఫైనల్లో విన్నిపెగ్ ఐస్ జట్టుని సిరీస్‌లో 4-1తో ఓడించింది.