చదివి చెప్పకుండా సంతకాలా?

రైల్వేతో సహా కేంద్ర ఉద్యోగులకి పెట్టిన కొత్త పెన్షన్ పథకం యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్). అందులో చేరతారా లేదా అని ఫారం మీద సంతకం పెట్టి చెప్పాలి. ఆ గడువు ముందు జూన్ 30 అన్నారు, తర్వాత సెప్టెంబర్ 30 అన్నారు, ఆఖరికి 2025 నవంబర్ 30 దాకా లాగారు. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి రైల్వే లైన్లలో పట్టాల పని చేసే మన తెలుగు గ్యాంగ్‌మన్లని కూర్చోబెట్టి తెలుగులో చెప్పడానికి అంత టైం సరిపోలేదా?

2004 జనవరి 1కి ముందు చేరినోళ్లకి పాత పెన్షన్ ఉంది, గొడవ లేదు. చిక్కంతా తర్వాత చేరినోళ్లది. వాళ్లకి ఇప్పటిదాకా ఉన్నది ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్). అందులో బేసిక్, డీఏ మీద మన 10 శాతం, సర్కారు 14 శాతం జమవుతాయి, రిటైరయ్యాక పోగైన సొమ్ములో 60 శాతం దాకా చేతికిస్తారు, మిగతాది యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ వచ్చేలా దానికి పెడతారు. యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసుంటే ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం గ్యారెంటీ, పదేళ్లుంటే నెలకి కనీసం 10 వేలు, మనిషి పోతే భార్యకి అందులో 60 శాతం. వినడానికి బాగానే ఉంది, కానీ ఇందులో కూడా రిటైరయ్యేటప్పుడు కూతురి పెళ్లికో ఇంటికో అని పోగైన సొమ్ములో 60 శాతం దాకా తీసుకుంటే నెలనెలా వచ్చేది ఆ మేరకు తగ్గిపోద్ది, ఈ ముక్క ఎంతమందికి చెప్పారు? అసలు ఏ కాగితమూ ఇవ్వనోళ్లు ఎన్‌పీఎస్‌లోనే ఉన్నట్టు లెక్కట. అంటే సంతకం పెడితే తెలిసి పెట్టినట్టు, పెట్టకపోతే తెలిసే మానేసినట్టు!

సర్క్యులర్లున్నాయి, ఆన్‌లైన్‌లో కాలిక్యులేటర్ కూడా పెట్టాం అంటారు. పెట్టారు, కాదనం. ఎండలో పట్టాలు చూసొచ్చినోడు రాత్రి కూర్చుని ఇంగ్లీషు సర్క్యులర్ చదవాలా?

ఇదే రైల్వేలో గేట్‌మన్‌కి రూల్ మారితే అర్థమయ్యేలా చెప్పి, అర్థమైందని అష్యూరెన్స్ రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటారు. బండి భద్రత దగ్గర అర్థం కావడం ముఖ్యం, అదే మనిషి ముసలితనం దగ్గరకొచ్చేసరికి సంతకం ఒక్కటే చాలు. ఈ అలవాటు ఇక్కడితో ఆగదు, రేపు నామినీ ఫారం, రిటైరయ్యాక మెడికల్ కార్డు ఆప్షన్, అన్నిటికీ ఇదే దారి పడుతుంది, అడిగితే నువ్వే సంతకం పెట్టావ్ కదయ్యా అంటారు.

యూపీఎస్ తీసుకున్నోళ్లు రిటైర్మెంట్‌కి ఏడాది ముందు దాకా ఒక్కసారి ఎన్‌పీఎస్‌కి మారొచ్చు, మారితే మళ్లీ వెనక్కి రాలేరు. కనీసం ఇదైనా గ్యాంగ్ గ్యాంగ్‌కీ తిరిగి తెలుగులో చెప్పండి. యూనియన్ నాయకులూ, మీక్కూడా చెప్తున్నాం, 2024 డిసెంబర్‌లో రైల్వే యూనియన్ల గుర్తింపు ఎన్నికల ఓట్లప్పుడు ఈ గ్యాంగులు గుర్తున్నాయి కదా, ఇప్పుడేమైంది?