పందులు ఈనిన ఇనుము

పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే ఒక వార్తల వెబ్‌సైటులో శీర్షిక: "పంది ఇనుము ధరలకు రెక్కలు". పందికి రెక్కలు! రెండో గుటక గొంతు దిగలేదు.

అనువాద యంత్రాన్ని తిట్టను. పిగ్ అంటే పంది, ఐరన్ అంటే ఇనుము, అతికించింది. ఇస్త్రీపెట్టె అనలేదు, అదే పదివేలు.

ఇంగ్లీషువాడూ కొలిమిలోంచి వచ్చే ముడి ఇనుమును ఊరికే పిగ్ ఐరన్ అనలేదు లెండి. కరిగిన ఇనుమును ఇసుకలో తీసిన పెద్ద కాలువలోకి వదిలితే, పక్కన వరసగా ఉన్న చిన్న గుంటల్లోకి పారేది. చల్లారాక చూస్తే తల్లి పంది పడుకుని పిల్లలకు పాలిస్తున్నట్టే ఉండేదట. పోతపోసిన లోహపు దిమ్మను ఇంగాట్ అంటారు, దాని కథ ఇంకో రకం. ఆ మాట మొదట అచ్చుకు పేరు, తర్వాత అందులోంచి వచ్చిన దిమ్మకు అంటుకుంది. ఇడ్లీ రేకునే ఇడ్లీ అన్నట్టు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఈ ఇనుము తీసే పెద్ద కొలుముల, అంటే బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఈ లెక్కన సాక్షాత్తూ అన్నపూర్ణమ్మ కడుపున పందులు పుడుతున్నాయి. రేపో మాపో మున్సిపాలిటీ వాళ్ళు వలలతో గేటు దగ్గర దిగుతారు.

"మీ దగ్గర పందులు ఎక్కువయ్యాయని కంప్లైంట్ వచ్చిందండీ."

"ఇంకా 1400 డిగ్రీల మీదున్నాయి సార్, కాస్త చల్లారనివ్వండి."

వెనకే పశువుల డాక్టరు, చేతిలో టీకా సూది. ఎక్కడ పొడవాలో తెలియక మూడుసార్లు చుట్టూ తిరుగుతాడు.

నవ్వింది చాలు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్ళి కత్తులయ్యాయి. 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో జార్జ్ పియర్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ దేశపు ఉక్కును 'వూట్జ్' అని రాశాడు. తెలుగు, కన్నడ నోళ్ళలోని 'ఉక్కు' అన్న మాటే అలా నలిగిందంటారు. 1966లో విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలన్న ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి చోట 'దుక్క ఇనుము' అన్న మాట ఒక్కడికీ గుర్తు రాలేదా? జీతం తీసుకునే మనిషి ఒక్కడైనా అచ్చేసేముందు చదివి చావలేదా? సిగ్గులేని జన్మలు!

ఉండబట్టలేక మెయిల్ పెట్టాను. సాయంత్రానికల్లా జవాబొచ్చింది: "పొరపాటుకు చింతిస్తున్నాం, సవరించాం."

వెళ్ళి చూశాను. "వరాహ ఇనుము ధరలకు రెక్కలు."