నిద్రపో అంటే నిద్రపోదేం?

ల్యాప్‌టాప్ మూత వేస్తాం, స్లీప్‌లోకి వెళ్లిందనుకుంటాం. గంట తర్వాత బ్యాగులోంచి తీస్తే ల్యాప్‌టాప్ పెనంలా కాలిపోతుంటుంది, బ్యాటరీ అడుగంటిపోయి ఉంటుంది. ఇదేం నిద్రండీ? ఎస్3 అనే పాత పద్ధతి స్లీప్‌లో, తెరిచి ఉంచిన పనిని గుర్తుపెట్టుకునే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. చాలా కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది లేనే లేదు. దాని బదులు మోడర్న్ స్టాండ్‌బై అని పెట్టారు. మూత వేసినా లోపల మెయిల్ చూసుకుంటుంది, అప్‌డేట్ల పని చేసుకుంటుంది. ఎవరడిగారు?

డెస్క్‌టాప్‌తో ఇంకో గోల. అర్ధరాత్రి దానంతట అదే లేస్తుంది, గదంతా వెలుగు! పసిపిల్లలున్న ఇంట్లో ఎంత నరకం! టేబుల్ తగిలి మౌస్ కదిలినా లేస్తుంది. నెట్‌వర్క్ కార్డు లేపుతుంది, ఫలానా టైముకి లేవమని పెట్టిన వేక్ టైమర్ లేపుతుంది. ఎవరు లేపారో తెలియాలంటే కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌ తెరిచి powercfg /lastwake అని కొట్టాలి. మామూలు మనిషికి ఇదెలా తెలుస్తుంది?

పోనీ సెట్టింగులన్నీ ఒకచోట ఉంటాయా? స్లీప్ టైమ్ సెట్టింగ్స్‌లో, వేక్ టైమర్లు కంట్రోల్ ప్యానెల్ అడుగున, స్క్రీన్ సేవర్ ఏమో లాక్ స్క్రీన్ కింద. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇవన్నీ ఫోన్లో ఎలా చెప్పాలి? వేలకు వేలు పోసి కొన్న వస్తువు, మూత వేస్తే పడుకోవాలి. అదీ ఎక్కువ అడిగినట్టేనా?