525 రెట్ల శని

టెలిస్కోపు కొనేటప్పుడు ముందువైపు లెన్సు ఎంత వెడల్పుందో చూడాలనే మూఢనమ్మకం కొందరిలో ఇంకా మిగిలి ఉండటం బాధాకరం. చూడాల్సింది డబ్బా మీది అంకె. 60 మిల్లీమీటర్ల లెన్సున్న గొట్టానికి 525 రెట్లు అని బంగారు రంగులో అచ్చు వేశారంటే ఊరికే వేస్తారా?

లెక్కలో అబద్ధం లేదు. నాభ్యంతరం, అంటే లెన్సు నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉండే దూరం, 700 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తేలుతుంది: 4 మిల్లీమీటర్లది పెడితే 175 రెట్లు. మధ్యలో 3ఎక్స్ బార్లో లెన్సు దూర్చితే 525. 1830లలో పీటర్ బార్లో అనే ఇంగ్లండు గణిత పండితుడి పుణ్యమా అని వచ్చిన పుటాకార కటకం ఇది. ఒకచోట కలవబోతున్న వెలుగు కిరణాలను అంత త్వరగా కలవనివ్వదు. దాంతో నాభ్యంతరం సాగి బొమ్మ పెద్దదవుతుంది. (కలిసేవాళ్ల మధ్య దూరి పెద్దవాళ్లైనవాళ్లు మనకేం కొత్త కాదు.)

గిట్టనివాళ్లు ఏదో అంటూనే ఉంటారు. లెన్సు వెడల్పులో మిల్లీమీటరుకు 2 రెట్లు, అంటే 60కి 120 దాటితే దండగట. బొమ్మను రెట్టింపు చేస్తే ఉన్న వెలుగే నాలుగింతల చోటుకు పరుచుకుని మసకబారుతుందట. 1610లో గెలీలియో గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలను దాదాపు 20 రెట్ల గొట్టంతోనే పట్టాడట. పాపం, ఆయన కాలానికి బార్లో లేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఆ మధ్య 525 రెట్ల శని దర్శనం ఏర్పాటైంది. పగలంతా కాలిన సిమెంటు ఇంకా వేడి కక్కుతూనే ఉంది. ఆ వేడిగాలి వణుకును కూడా బార్లో ఏ పక్షపాతమూ లేకుండా మూడింతలు చేసి చూపించింది. గాలి పోకడలు చూడటానికి ప్రభుత్వం మా తిరుపతి దగ్గరి గాదంకిలో అంత పెద్ద రాడార్ ఎందుకు పెట్టిందో అర్థం కాదు.

"శనీశ్వరుడికి ఉంగరం ఉంటాదంట, యాడ నాయనా?" అంది రెండో అంతస్తు అవ్వ.

"అల్లాడతా ఉంది చూడవ్వా, అదే."

"అల్లాడేది ఉంగరమా, శనీశ్వరుడా?"

జవాబు వచ్చేలోపు శనీశ్వరుడు వెళ్లిపోయాడు. భూమి తిరుగుతుంది కదా. అన్ని రెట్ల దగ్గర ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి 20 సెకన్లు కూడా పట్టదు. వెతుకుదామని గొట్టం తాకితే స్టాండు ఊగుతుంది, ఊగుడు ఆగేసరికి మళ్లీ మాయం. "జరగండి, జరగండి" అని తోసేవాళ్లు లేరన్న లోటే గానీ, తిరుపతి వాళ్లకి ఈ దర్శనం అలవాటే.

ఇంతలో ఎవరో కుర్రాడు బార్లో పీకేసి, డబ్బాలోనే ఉన్న 12.5 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టాడు. 56 రెట్లు. చిన్న శని, చుట్టూ గీత గీసినట్టు ఉంగరం. అవ్వ చూసి దండం పెట్టుకుంది. "ఇంత చిన్నదానికా అంత డబ్బు పోసింది!" అని టెలిస్కోపు యజమాని వెంటనే బార్లో మళ్లీ బిగించాడు.

మంచి 2ఎక్స్ బార్లోను ఆ 12.5తో కలిపితే 112 వస్తుంది, హద్దులోనే ఉంటుంది. 4 మిల్లీమీటర్ల ఐపీస్‌కు కన్ను అతికించి చూడాల్సిన అవస్థ కూడా తప్పుతుంది. చంద్రుడి మీద గుంతలకు భేషుగ్గా ఉంటుంది. కానీ డబ్బా మీద 112 అని వేస్తే ఎవరు కొంటారండీ?

అసోసియేషన్ మీటింగులో తీర్మానం కూడా అయింది: మెయింటెనెన్సు డబ్బుల్లోంచి ఇంకో 3ఎక్స్ బార్లో. ఒకదాని వెనక ఒకటి పెడితే 1575 రెట్లు. ఇక చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి క్యూ కూడా చకచకా కదులుతుందని సెక్రటరీ గారు హామీ ఇచ్చారు.