తరిగొండ వెంగమాంబ పట్టు

"ఆదర్శాలు కడుపు నిండినవాళ్లకే" అని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోలేను. పాత చిత్తూరు జిల్లా తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. బొట్టు, పూలు తీసేయమంటే వినలేదు, శ్రీవారే తన భర్త అంది. ఊళ్లో ఎన్ని మాటలన్నా తగ్గలేదు. తర్వాత తిరుమల చేరి కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నం పెట్టింది. ఇప్పుడు కొండ మీద రోజూ వేలమంది భోంచేసే అన్నదాన భవనానికి ఆమె పేరే పెట్టారు.

అంతెందుకు, మా నాన్న తిరుపతిలో కూరగాయలు అమ్మేవారు. తూకంలో గ్రాము కూడా తగ్గనిచ్చేవారు కాదు. పక్కకొట్టువాళ్లు నవ్వేవాళ్లు. అప్పుల టెన్షన్ ఎంతున్నా, రాత్రి పడుకోగానే ఆయనకు నిద్ర పట్టేది. ఆ తక్కెడ ఇప్పుడు నా చేతిలో ఉంది. పుచ్చు వంకాయ కనిపిస్తే ఇవాళ్టికీ తీసి పక్కన పెడతాను.